అచ్చులో ఒక హల్లు

మనామా పాత బజారు వెనక
ఎండుచేపల వాసనా కుట్టుమిషన్ల చప్పుడూ కలిసే సందులో
మా పతకాల కార్ఖానా.
నేను చేరిన రోజే కంప్యూటరూ చేరింది,
ఒకే ట్రక్కులో దిగాం ఇద్దరం.

కిటికీ పక్క బల్ల దగ్గర
కట్టోజు మునీశ్వరాచారి, మెట్‌పల్లి,
కంటికి భూతద్దం బిగించుకుని
ఉక్కుదిమ్మెలో డేగ కన్ను తవ్వుతున్నాడు.
తల ఎత్తలేదు.
"దానికి చాయ్ తాపిచ్చిన్రా?" అన్నాడు, మిషను గురించి.

ముక్కుపుడకలూ మాటీలూ చేసే చేతులతో వచ్చాడట.
ఆర్నెల్లు ఉంగరాలకు సైజులు సరిచేశాక
హాజీ ఖలీల్ ఒక ఒంటె బొమ్మ చూపించి
దీన్ని లోపలికి చెక్కగలవా అన్నాడట.
లోపలికి, అన్న ఆ ఒక్క మాటలో
ముప్ఫై ఒక్క ఏళ్ళు గడిచిపోయాయి.

లేవాల్సిన ముక్కును గుంటగా,
కుడికి ఎగరాల్సిన పిట్టను ఎడమకి.
అరబ్బీ కూడా ఆయనకు తిరగేస్తేనే వచ్చు.
వీధిలో దుకాణం బోర్డు చదవలేడు,
అచ్చు మీద చుక్క ఒక్కటి జరిగితే
హాజీ కంటే ముందే పట్టేసేవాడు.
"ఉల్టా జేస్తే అదిగూడ మన లెక్కనే,
ఎడమ నుంచి కుడికి నడుస్తది."

రిఫైనరీ వాళ్ళ పతకం ఒకటి:
ప్రమాదం లేని పది లక్షల పనిగంటలు.
అది చెక్కుతుండగానే కలం జారి
బొటనవేలి గోరు ఊడింది.
గుడ్డ చుట్టుకుని సున్నాలు పూర్తి చేశాడు.
అక్కడి అంకెల్లో సున్నా అంటే ఉత్త చుక్క.
ఆరు పోట్లు.

తొలి దెబ్బ ఎప్పుడూ సీసం మీద.
ప్రెస్సు గులాం రసూల్‌ది, వజీరాబాద్ మనిషి.
ఆ సీసం బిళ్ళ ఎగరేసి
బొమ్మ పడితే రసూల్ చాయ్, బొరుసు పడితే చారి.
ఎటు పడ్డా పైసలు నేనే ఇచ్చానని రసూల్ అంటాడు.
చారి ఇంకోలా చెప్తాడు.

ఆయన వీసా రద్దు చేసుకుని వెళ్ళిపోయాక
పాత అచ్చులన్నీ స్కాను చెయ్యమన్నారు.
తెర మీద డేగ ఈతచాపంత పెరిగింది.
మూడో ఈక మొదట్లో ఎర్ర గీత.
లోపం, అంది మిషను.
తుడిచేశాను.
రెండో డేగ. తుడిచేశాను.
మూడోదీ అంతే.
నాలుగోదాన్ని ఎందుకో ఇంకా పెద్దది చేశాను.

ఉప్పురవ్వలో సగం లేదు,
ణ.

అచ్చులో తిన్నగా ఉంది.
అంటే పతకం మీద తిరగబడి పడుతుంది,
ఈక మీద గరుకులా, ఎవరూ పోల్చుకోలేకుండా.
అన్నేళ్ళలో ఆ బల్ల మీద ఆయన
తిన్నగా రాసింది అదొక్కటే.

ఫోన్ చేశాను.
మీ పేరులో ణ లేదు కదా, అన్నాను.
అటు కుక్కర్ కూత వేసింది. ఆగాడు.
"ణ తోని మొదలయ్యే మాట ఒక్కటి చెప్పు."
వెతుక్కున్నాను.
"లేదుర. గది నాది అనేటోడు ఎవ్వడు లేడు.
నాణెంల నడుమ కూసుంటది, గంతే."
కాసేపాగి,
"చిన్నప్పుడు పలక మీద మస్తు తిప్పలు వెట్టింది నన్ను.
సారు కొట్టిండు గూడ."

తుడిచేసిన మూడింటి సంగతి చెప్పలేదు.
చివర్లో అడిగాడు:
"నల్లపిడి కలం ఉన్నదా, నాలుగో నంబరుది?"
ఉంది, అన్నాను.
అబద్ధం కాదు.
మిషను బల్ల ఊగకుండా
కాలి కింద దోపింది దాన్నే.